వెలుగునకు లెక్క యుండవలెను

ఆటోనగరులో లారీ డీజిలు అధికముగా త్రాగుచున్నదన్నచో మంచి మేస్త్రీ క్రొత్త యింజను కొనుమనడు. నూనె యెచ్చట వ్యర్థమగుచున్నదో వెదకును. శాస్త్రవిద్య యనగా నీ వెదకుటయే యని మే మందుము. ఇందులకు పాలిమరు దీపము చక్కని నిదర్శనము.

పాలిమరు ప్లాస్టిక్కు జాతిది. విద్యుత్తు నడ్డగించుటకై తీగెలకు తొడుగునది యా జాతి పదార్థమే. అట్టిదియే విద్యుత్తును గొని వెలుగు నీయగలదని 1990వ సంవత్సరమున కేంబ్రిడ్జి కావెండిష్ ప్రయోగశాలలో బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ మున్నగువారు చూపిరి. కాని దాని సామర్థ్యము నూటికి 0.05 మాత్రమే. అనగా 10,000 ఎలెక్ట్రానులకు 5 కాంతికణములు!

తక్కినవి యేమయ్యెను? ఎలెక్ట్రానును, దానికి జతయగు 'రంధ్రము'ను కలిసిననే వెలుగు పుట్టును. ఒకటి హెచ్చుగను, రెండవది తక్కువగను వచ్చినచో మిగిలినది వృథాగా దాటిపోవును. కలిసిన జతలలో సామాన్యముగా నాల్గింట నొకటియే కాంతి నిచ్చును. పుట్టిన కాంతిలో నించుమించు అయిదవ వంతే గాజును దాటి వెలికి వచ్చును. కావున జతలన్నియు కుదిరినను దక్కునవి 500 కణములు. 1998లో బాల్డో, థాంప్సన్, ఫారెస్ట్ మున్నగువారు పాలిమరు కాని సేంద్రియ దీపమున ప్లాటినము గల రంగును చేర్చి, తక్కిన మూడు జతలనుండియు వెలుగు రాబట్టు త్రోవ చూపిరి. పిదప నా త్రోవ పాలిమరులకును పనికివచ్చెను. అంతట 500 స్థానమున 2,000 వరకు నాశింపవచ్చును.

పాలిమరును సిరావలె కరగించి అచ్చొత్తవచ్చునను మాట నిజమే. అంతమాత్రమున మోసపోరాదు. గాలియు చెమ్మయు చొరబడినచో నా పొరలపై నల్లమచ్చలు పడును. మన కృష్ణా డెల్టాలో చెమ్మకు కొదువ లేదు. నేడు లారీలకు బిగించు ఎల్.ఇ.డి. దీపములు స్ఫటికములతో చేసినవే గాని పాలిమరువి కావు. కావున, "ఎంత వెలుగు?" అని మాత్రమే గాక, "ఎంత విద్యుత్తునకు? ఎన్నాళ్లు?" అనియు నడుగవలెను.

పనిముట్టు పట్టబోవు బాలునికి ఈ లెక్క లేల యని కొందరు తల్లిదండ్రులు తలంతురు. లెక్క యెరుగని చేయి ఒరులు చేసిన దీపమును బిగించుటతోనే నిలిచిపోవును. చేతిపని యెరుగని చదువు పరీక్షతోనే ముగియును. కావున మా విన్నపము: మన విజ్ఞానశాస్త్ర తరగతి యేటేట నొకదినమైనను ఆటోనగరు పనిశాలలో జరుగవలెను. అచ్చట మేస్త్రీ బోధించును, మన పిల్లలు కొలుతురు. నష్టము నెచ్చటనో కనిపెట్టినవాడే దానిని మాన్పగలడు.