కల్లు సంగతి అడగని మందుల చీటీ

ఓపియాయిడ్ నొప్పి మందుల మాటెత్తితే కామారెడ్డిలో చదువుకున్నవాళ్ల జవాబు దాదాపు ఒకటే. అది అమెరికా వాళ్ల తిప్పలు, మహా అయితే పంజాబ్ గోస, మనకెందుకు? ఇక్కడ ఫెంటనిల్ లేదు, వీధిలో సూదులు పొడుచుకునేవాళ్లు లేరు, మోకాళ్ల నొప్పికి నాలుగు గోలీలు మింగితే ఎవడు చచ్చాడు? డాక్టర్లలోనూ ఈ ధీమా ఉంది. దానికి ఆధారం లేదు. అమెరికాలో అన్నేళ్లుగా పోతున్న ప్రాణాల్లో చాలావాటికి నల్లమందు జాతి మందు ఒక్కటే కారణం కాదు. దాని పక్కన ఇంకో మందు ఉంది. ఆ ఇంకో మందు మన ఎల్లారెడ్డి పల్లెల్లో మెడికల్ షాపు గడప తొక్కకుండానే ఒంట్లోకి పోతోంది, సాయంత్రం కల్లు సీసాలోంచి.

ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే, ఊపిరి పీల్చమని మెదడు అడుగుభాగం నుంచి ఆజ్ఞ వెళ్తుంది. ఓపియాయిడ్ ఆ కేంద్రాన్ని మొద్దుబారుస్తుంది. కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయజెపాం లాంటి బెంజోడయజెపైన్ జాతి మత్తుమందులు వేరే దారిలో వచ్చి మెదడును జోకొడతాయి, గొంతు కండరాలను సడలిస్తాయి. ఒక్కోదాన్ని తట్టుకున్న మనిషికి రెండూ కలిసిన రాత్రి నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. కల్లులో సహజంగా ఉండే ఆల్కహాలు మూడో చెయ్యి వేస్తుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 ఆగస్టులో ఈ రెండు జాతులకూ చెందిన దాదాపు 400 మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. ఊపిరి ఆగుతున్నప్పుడు విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఓపియాయిడ్‌ను వదిలిస్తుంది, అల్ప్రాజోలం జోలికి పోదు.

ఇక కల్లు. ఊరి చుట్టూ ఈతచెట్లు ఎన్నున్నాయో, దుకాణంలో రోజూ ఎంత కల్లు పోస్తున్నారో ఊరందరికీ తెలుసు. ఆ రెండు లెక్కలూ ఎన్నడూ కలవవు. కలవని చోటును నీళ్లు, తీపి, క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, అల్ప్రాజోలం నింపుతాయి. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులతో మందు కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు ఉమ్మడి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల జనం వణుకుతూ, మతి తప్పి మాట్లాడుతూ, ఫిట్స్‌తో దవాఖానలకు చేరారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండిపోయింది. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ మండలంలో కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక బడి నడుస్తున్న భవనంలోనే అల్ప్రాజోలం తయారవుతుంటే పట్టుకున్నారు. ఇంత జరిగాక కూడా దీన్ని ఎక్సైజ్ శాఖ తలనొప్పిగానే చూస్తున్నాం. వైద్యం ఈ సంగతి తనది కాదన్నట్టు పక్కకు తప్పుకుంది.

గీత కార్మికుణ్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. చెట్టెక్కి నడుం విరగ్గొట్టుకునే మనిషికీ, పొడి కలిపే కల్లు డిపోకూ తేడా తెలియనంత అమాయకులం కాము.

డాక్టరు రాసే అల్ప్రాజోలం గోలీలో మందు సాధారణంగా అర మిల్లీగ్రాము, లేదా అందులో సగం. డ్రమ్ములో కలిపిన పొడిలో ఏ సీసాకు ఎంత పోయిందో కలిపినవాడికే తెలియదు. నిన్నటి రెండు సీసాలూ ఇవాళ్టి రెండు సీసాలూ ఒకటి కావు. దాని మీద ఇప్పుడు నొప్పి మందు వేయండి. బీడీలు చుట్టి మెడ పట్టేసిన ఆడవాళ్లు, నాట్లు వేసి నడుం పోయినవాళ్లు, గల్ఫ్‌లో బరువులు మోసి వెన్నుపూస అరిగి తిరిగొచ్చినవాళ్లు ఈ జిల్లాలో ఇంటికొకరు కనిపిస్తారు. పారాసిటమాల్‌తో తగ్గకపోతే వాళ్ల చీటీ మీదికి వచ్చేది ట్రమడాల్ అనే ఓపియాయిడ్. దాని పక్కన, నరాల నొప్పికని, ప్రెగాబాలిన్. అది కూడా ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరిని దెబ్బతీయగలదని 2019 డిసెంబరులోనే హెచ్చరిక వచ్చింది. నిద్ర పట్టడం లేదంటే ఇంకో గోలీ. చీటీ మీద కనిపించేవి మూడు మందులు, ఒంట్లో ఉన్నవి అయిదు.

‘తాగుతావా?’ అని డాక్టరు అడిగితే ‘లేదు సార్, పొద్దుగూకినంక కల్లే’ అంటాడు రోగి. ఇద్దరూ దాన్ని లేదన్నట్టే తీసుకుంటారు.

అన్నిటికంటే భయపెట్టేవి కల్లు దుకాణాలు మూతపడే రోజులు. అల్ప్రాజోలానికి అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ రావచ్చు. ట్రమడాల్‌కు కూడా ఫిట్స్ తెప్పించే గుణం ఉంది. దాడుల మర్నాడు ఒళ్లంతా నొప్పులు, వణుకు అంటూ వచ్చినవాడికి నొప్పి సూదిగా ట్రమడాల్ ఇస్తే మంటలో కిరోసిన్ పోసినట్టే. దిగులుకు వాడే సెర్ట్రాలిన్, మొండి క్షయకు వాడే లినెజోలిడ్ కూడా అప్పటికే నడుస్తుంటే సెరటోనిన్ అతిగా పోగుపడి జ్వరం, కండరాల బిగుతు, మతిభ్రమణ రావచ్చు. ఈ గుర్తులు కల్లు మానినప్పటి గుర్తుల్లాగే ఉంటాయి కాబట్టి, కల్లు ఆగడం వల్లే అనుకుని చూసేవాళ్లు ఊరుకునే ప్రమాదమూ ఉంది.

ఇంకొకటి, ఎవరూ ఊహించనిది. ఇప్పుడు ఊరూరా తామరే. దానికి ఇట్రాకొనజోల్ వారాల తరబడి మింగుతున్నారు. కాలేయంలో అల్ప్రాజోలాన్ని విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది కాబట్టి ఆ రెంటినీ కలిపి వాడనే కూడదు. తామర గోలీ వేసుకున్న రోజుల్లో అవే రెండు సీసాల కల్లు మరింత బలంగా, మరింత సేపు పనిచేస్తుంది. ఆ వారంలోనే నొప్పి సూది పడిందంటే చర్మం డాక్టరుకూ ఎముకల డాక్టరుకూ ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారే లేదు.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఉంది: ‘మా నాయిన నలభై ఏండ్లు తాగిండు, సూదులు ఏయించుకున్నడు, ఏమైంది?’ అలవాటు మత్తును తగ్గిస్తుంది. ఊపిరికి అంతే రక్షణ ఇస్తుందన్న భరోసా లేదు. పైగా నిద్రలో పోయిన ముసలాయన్ని గుండెపోటు ఖాతాలో రాసేసి మధ్యాహ్నానికల్లా దహనం చేస్తాం. ఊపిరి ఆగి చచ్చినవాడి ఒంటి మీద గుర్తు ఉండదు. రక్తం, కాలేయం ల్యాబుకు పంపితే తప్ప బయటపడనిదాన్ని, పంపకుండానే లేదనడం ఏ తర్కం?

రెండో వాదన చట్టం ఉందని. ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్-1 జాబితాలో ట్రమడాల్, అల్ప్రాజోలం రెండూ ఉన్నాయి. అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మత్తుపదార్థాల చట్టం కిందికీ తెచ్చారు. దుబాయి పోయే కుర్రాడికి ఈ గోలీల బరువు తెలుసు. ముందస్తు అనుమతి లేకుండా సంచిలో దొరికితే జైలని ఏజెంటు చెప్పే పంపుతాడు. ఇంటి దగ్గర తండ్రికి అదే మందు ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. రిజిస్టరు దొంగ అమ్మకాన్ని పట్టుకోవడానికి పనికొస్తుంది, కల్లు సీసాను అది చూడలేదు.

అయితే నొప్పి మందులే వద్దంటారా అంటే, ఆ మాట అననే అనను. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌తో మూలిగే మనిషికి మార్ఫిన్ ఇవ్వకపోవడం క్రూరత్వం. ఆ క్రూరత్వం మన దగ్గర కావలసినంత ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉపశమన వైద్యులు ఆ మందును లెక్కగా, పక్కన ఇంకేం నడుస్తోందో కనుక్కుంటూ ఇస్తున్నారు. అంటే కనుక్కోవడం సాధ్యమే.

కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ట్రమడాల్ రాసేముందు కల్లు ఏ దుకాణానిది, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు అని అడగడం అక్కడి పిల్లలకు మొదటి ఏడాదే నేర్పవచ్చు. అనుమానముంటే మూత్రంలో బెంజోడయజెపైన్ పరీక్ష చేయవచ్చు, దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఎక్సైజ్ వాళ్లు డిపో మూయడానికి ముందు రోజు ఎల్లారెడ్డి, బాన్సువాడ దవాఖానలకు కబురు పెట్టి, మోతాదు మెల్లగా తగ్గించడానికి కావలసిన డయజెపాం, పడకలు సిద్ధం చేయించాలి. 2015లో పెట్టని ఆ కబురు ఇప్పటికైనా ఎవరు పెట్టాలో కలెక్టరు కాగితం మీద రాసి ఇవ్వాలి.