రెండు పనులు - ఒకటే చెయ్యి

ప్రశ్న: నా వయస్సు 34. విశాఖపట్నంలో ఇంటి దగ్గరే కూర్చుని కాంట్రాక్టు మీద కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. నెల జీతం లేదు. పని అప్పజెబితేనే డబ్బు. రాత్రి పది దాటాక, బొమ్మలు వేసుకునే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాస్తాను. దానికి పైసా రాదు. ఆరు నెలలుగా కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. కళ్ళు మంటలు. డబ్బురాని పని మానెయ్యమని మా ఆవిడ పోరుతున్నది. మానాలా? నొప్పి బిళ్ళలు వాడుకుంటూ నెట్టుకు రావచ్చా? మా నాన్నగారికి షుగరుంది.

జవాబు: ముందు చెయ్యి సంగతి. మణికట్టు దగ్గర ఎముకలకూ, ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. అందులోంచే మీడియన్ నరం అరచేతిలోకి వస్తుంది. అక్కడ నరం నొక్కుకుంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి ఏమీ కాదు. రాత్రి మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం ఈ జబ్బు గుర్తులే. దీన్ని కార్పల్ టనల్ సిండ్రోం అంటారు. మీ ఉత్తరాన్నిబట్టి అదే అనిపిస్తున్నది గాని, చెయ్యి చూడకుండా ఖాయంగా చెప్పలేను.

దీనికి కీబోర్డు ఒక్కటే కారణమనుకోకండి. షుగరు, థైరాయిడ్ లోపం, ఊబకాయం ఉన్నవారికి కూడా వస్తుంది. తండ్రికి షుగరుందని రాశారు కనుక, పరగడుపున రక్తపరీక్షా, థైరాయిడ్ పరీక్షా చేయించండి. నొప్పి బిళ్ళలు ఈ జబ్బుకు పెద్దగా పనిచెయ్యవు. నెలల తరబడి మింగితే కడుపులో పుండు, మూత్రపిండాలకు చేటు. వాటి బదులు మణికట్టు వంగకుండా నిలిపే పట్టీని రాత్రిళ్ళు ఆరు వారాలు కట్టుకుని పడుకోండి. అది సాదా వైద్యమే. చాలామందికి దానితోనే గుణమిస్తుంది. బొమ్మల సాఫ్ట్‌వేర్ రాసేవారు కుంచె సరిగా గీస్తున్నదా అని ఒకే గీతను వందసార్లు గీసి చూస్తారు. ఆ పెన్నును బిగించి పట్టుకోకండి. గీసేటప్పుడు మణికట్టును కాక ముంజేతిని కదిలించండి.

కళ్ళ మంటకు కారణం, తెరను చూస్తూ రెప్ప వెయ్యడం మరిచిపోవడం. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లపాటు చూడండి.

ఇక అసలు ప్రశ్న. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఏమిటని అడిగే పాఠకులుంటారు. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ చూసి మార్చుకోవచ్చు. గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌ను 1995లో అమెరికాలోని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. దాని 2.10 కూర్పు 2018లో వచ్చింది, 3.0 కూర్పు 2025 మార్చిలో వచ్చింది. మధ్యలో దాదాపు ఏడేళ్ళు. ఎక్కువమంది తీరిక వేళల్లో చేసే పనికి అంతకాలం పట్టడంలో వింత లేదు. మీ ఒక్కరి రాత్రుల మీద అది ఆగదని గ్రహించండి.

మీరు రాసిన లెక్కే చూద్దాం. కాంట్రాక్టు పని రోజుకు తొమ్మిది గంటలు, ఆరు రోజులు: 54. రాత్రి మూడేసి గంటలు, ఏడు రోజులు: 21. మొత్తం 75. వారానికి 55 గంటలు, అంతకు పైన పనిచేసేవారికి, 35-40 గంటలు చేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి తేల్చాయి. ఆ లెక్క జీవనోపాధి పనిగంటలది. కాని ఏ గంటకు డబ్బొచ్చిందో మీ నరానికీ, గుండెకీ తెలియదు గదా!

అందుచేత మీ ఆవిడ గంటల విషయంలో చెప్పింది నిజం. ఆ పని పూర్తిగా మానెయ్యమనడం మాత్రం నాకు నచ్చలేదు. ఇష్టమైన పని ఒకటి లేకపోతే కాంట్రాక్టు పని కూడా భారమవుతుంది. రాత్రి పని ఆపి, వారంలో రెండు ఉదయాలు దానికి కేటాయించండి. ఆ ఆరు గంటలు కాంట్రాక్టులోంచి తగ్గాలి, నిద్రలోంచి కాదు. గడువు దగ్గరపడిన వారాల్లో రావడం లేదని తోటి ప్రోగ్రామర్లకు ముందే తెలియజెయ్యండి. తప్పులున్నాయని వచ్చే ఫిర్యాదులన్నిటికీ ఆ రాత్రే జవాబివ్వనక్కరలేదు. చెయ్యి తిమ్మిరిగా ఉన్న రోజుల్లో ఇతరుల కోడ్ చదివి దిద్దండి. అందులో టైపు తక్కువ. తీరిక వేళల్లో రాసిన కోడ్ మీద కాంట్రాక్టు ఇచ్చినవారికి హక్కు రాకుండా పత్రంలో ఉందో లేదో వకీలుకు చూపించండి. అది నా శాస్త్రం కాదు గాని, ఆ దిగులుతో కూడా నిద్రపట్టదు. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ వద్దు. ఏడు గంటల నిద్ర తప్పనిసరి.

ఆరు వారాలకు తగ్గకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినట్టు కనిపించినా ఆలస్యం చెయ్యకండి. నరం పరీక్ష చేయించి, అవసరమైతే ఇంజక్షనో, చిన్న ఆపరేషనో చేస్తారు. కండ ఒకసారి కరిగితే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్ళండి, రక్తపరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్ళండి.