ధూల్‌పేట పిల్లలకు పెద్ద లెక్కలు ఎవరు చెప్పాలి?

ధూల్‌పేట అనగానే పత్రికలవాళ్లకు గుడుంబా గుర్తొస్తుంది, గంజాయి గుర్తొస్తుంది. చవితి ముందు విగ్రహాలు, సంక్రాంతికి పతంగులు. లెక్కలు మాత్రం ఎవరికీ గుర్తు రావు. మాకు గుర్తొస్తాయి. మేము లెక్కలు చెప్పుకుని బతికేవాళ్లం.

ఆ మధ్య ఏడో తరగతి పిల్లలను అడిగాం. మూడడుగుల విగ్రహాన్ని అదే రూపంలో ఆరడుగులకు పెంచితే సరుకు ఎంత పడుతుంది? చాలామంది ‘రెండింతలు’ అన్నరు. ఒకడు మాత్రం ‘పొడుగు, వెడల్పు, మందం మూడూ డబలైనయి గద సార్, ఎనిమిదింతలు’ అన్నడు. శభాష్ అనబోతుంటే వెనక నుంచి ఒక పిల్ల లేచింది. విగ్రహాలు చేసే ఇంటి పిల్ల. ‘లోపల బోలుగుంటది సార్. పెంకు మందం పెంచకపోతే నాలుగింతలే. రంగు గూడ నాలుగింతలే’ అన్నది. బల్ల మీద వేసి చూస్తే ఆ పిల్లదే రైటు. ఆ రోజు పాఠం ఆమె చెప్పింది, మేము విన్నాం.

‘లెక్కలు మా రక్తంలోనే ఉన్నాయి’ అనేవాళ్లను అడుగుతున్నాం. రక్తంలోనే ఉంటే ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సులకు వేలకు వేలు ఎందుకు పోస్తున్నరు? ఎనిమిదో తరగతి నుంచే రాయదగ్గ గణిత ఒలింపియాడ్ తొలి పరీక్ష ఉన్నది. మెట్టు మెట్టు దాటితే చివరికి ఆరుగురు దేశం తరఫున పోతరు. ఆ పరీక్ష పేరు మన బస్తీల్లో ఎంతమంది విన్నరు?

మనమూ తక్కువ తినలేదు. మన సంఘాలు పెట్టే ట్యూషన్లన్నీ పదో తరగతికే, ముప్పై అయిదు మార్కులకే. పిల్ల పాసైతే చాలని మనమే అనుకుంటే ఆ పిల్ల అంతకంటే ఎక్కువ ఎందుకు కోరాలి?

అమెరికాలో బాబ్ మోజెస్ అనే నల్లజాతి నాయకుడు ఉండేవాడు. 1960లలో మిసిసిపీ పల్లెల్లో నల్లవాళ్లను ఓటర్లుగా చేర్పించడానికి దెబ్బలు తిన్నాడు, జైలుకు పోయాడు. అదే మనిషి 1980లలో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టాడు. ఓటు ఎట్లా హక్కో బీజగణితమూ అట్లాగే హక్కన్నాడు. బోస్టన్ మెట్రో రైల్లో తిప్పి, ఏ స్టేషను ఎటువైపు ఎంత దూరమో చూపి ధన, రుణ సంఖ్యలు నేర్పించాడు. 2021లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. రైలుకు బదులు మనకు విగ్రహం ఉన్నది, పతంగి ఉన్నది.

ఇక కార్యకర్తలకు చేతిలో పని. 2008లో మొదలైన జాతీయ ఉపకార వేతనం పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్, ఎనిమిదో తరగతిలో రాయాలి. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే, హాస్టలుండే గురుకులాలకు లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటొద్దు. ఏడో తరగతిలో 55 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు. తొంభై ప్రశ్నలు ఆలోచనా శక్తికే. అవి బట్టీ పట్టేవి కావు. కులం, ఆదాయం కాగితాలు ఆఖరి తేదీకి ఉరకకుండా ముందే తీయించండి. ఒక బడిలో ఫారాలు బీరువాలోనే ఉండిపోయినయని మాకు తెలుసు.

ఆ పిల్ల తల్లి దగ్గరికి పోయినం. రంగుల పని మీద ఉన్నది. బిడ్డను రోజూ గంటసేపు పంపమన్నం. ‘పొద్దున చెప్తరా, పొద్దుగూకినంకనా?’ అని ఒక్కటే అడిగింది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టినం.