ఉచితం వెనుక పరుగెత్తి వచ్చే గేహజీ

వాక్యభాగం: 2 రాజులు 5:15-27



నయమాను కథ మన సండే స్కూల్ పిల్లలకు కూడా నోటికి వచ్చు. సిరియా సైన్యాధిపతి, కుష్ఠురోగం, యొర్దానులో ఏడు మునకలు, చిన్నపిల్లవాని దేహం లాంటి దేహం. ప్రసంగాల్లో మనం ఎక్కువగా అక్కడే ఆపి హల్లెలూయ చెప్పుకుంటాం. ఈ వారం ఆ తర్వాత జరిగిన దాన్ని ధ్యానిద్దాం.

బాగుపడిన నయమాను తిరిగి వచ్చి ఎలీషా ముందు కానుక పెట్టాడు. సామాన్యమైన కానుక కాదు. పది మణుగుల వెండి, ఆరు వేల తులముల బంగారం, పది దుస్తుల బట్టలు వెంట తెచ్చుకున్న మనిషి అతడు. ఎలీషా ఒక్క పైసా ముట్టలేదు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. దేవుడు ఊరికే చేసిన మేలుకు రసీదు రాయడం తన పని కాదని ఆ ప్రవక్తకు తెలుసు.

నయమాను సంతోషంగా బయలుదేరాడు. కొంచెం దూరం పోయాడో లేదో, ఎలీషా పనివాడు గేహజీ వెనుక నుండి పరుగెత్తి వచ్చాడు. ఎఫ్రాయిము మన్యం నుండి ఇద్దరు యౌవనులు వచ్చారు, మా యజమానుడే నన్ను పంపాడు, ఒక మణుగు వెండి, రెండు దుస్తుల బట్టలు కావాలి అన్నాడు. నయమాను అనుమానపడలేదు. ఒకటి అడిగితే రెండు మణుగులు ఇచ్చి, మోయడానికి ఇద్దరు మనుషులను కూడా తోడు పంపాడు.

గమనించండి. గేహజీ బేరం ఆడలేదు. మందుకు ముందు ధర చెప్పలేదు. మేలు అందిన తర్వాత, మనిషి నమ్మకంతో ఇంటిదారి పట్టిన తర్వాత, యజమాని పేరు వాడుకొని వెనుక నుండి వచ్చి తీసుకున్నాడు. మన ఫోన్లలో ఈ రోజు జరుగుతున్నది కూడా ఇదే.

రూపాయి వెనుక ఏముంది?

"మొదటి 7 రోజులు ఉచితం", "ఒక్క రూపాయికే నెల రోజులు" అని తెర మీద వస్తుంది. సినిమాల యాప్ కావచ్చు, పాటల యాప్, పిల్లల చదువుల యాప్, ఫోటోలు అందంగా చేసే యాప్ ఏదైనా కావచ్చు. కార్డు నంబరు ఇవ్వమంటుంది, లేదా యూపీఐ పిన్ కొట్టమంటుంది. ఒక్క రూపాయే గదా అని కొడతాం. ఆ పిన్‌తో రూపాయి ఒక్కటే పోదు. ప్రతి నెలా ఫలానా మొత్తం వరకు నా ఖాతాలో నుండి తీసుకోండి అని మనం ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసినట్టు అవుతుంది. దీన్నే ఆటోపే అంటారు, మ్యాండేట్ అని కూడా అంటారు. యూపీఐలో ఈ ఏర్పాటు 2020 జూలైలో వచ్చింది. ఆ తర్వాత సాధారణంగా 15,000 రూపాయల లోపు కోతకు మళ్లీ పిన్ గానీ ఓటీపీ గానీ అడగరు. ఉచితం గడువు ముగిసిన రోజు నుండి కోత మొదలవుతుంది.

మన దగ్గర బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఒక అక్క పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటే ఐదు నెలలుగా నెలకు 399 రూపాయలు పోతున్నట్టు కనబడింది. మొత్తం 1,995 రూపాయలు. బ్యాంకువాళ్లే కోస్తున్నారు అనుకున్నదామె. తీరా చూస్తే ఏడో తరగతి చదివే కొడుకు ఇంగ్లీషు నేర్పే యాప్ వేసుకొని, రూపాయికి అమ్మతోనే పిన్ కొట్టించాడు. పది రోజులు చూసి, నచ్చక యాప్ తీసేశాడు కూడా. యాప్ తీసేస్తే కోత ఆగుతుందని వాళ్లు అనుకున్నారు. ఆగదు. యాప్ ఫోన్‌లో నుండి పోయినా ఒప్పందం ఖాతా మీద అలాగే ఉంటుంది.

వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే ఇంట్లో 399 రూపాయలంటే ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, నడుము పట్టేసేదాకా కూర్చున్న కష్టం. గల్ఫ్‌లో ఎండకు పనిచేసి కొడుకు పంపిన పైసల్లో నుండి పోయినా అంతే.

మౌనం అంగీకారం అవుతుందా?

ప్రభువు మత్తయి 5:37లో మన మాట ఎలా ఉండాలో నేర్పాడు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించినది దుష్టుని నుండి వచ్చేదే. ఈ వ్యాపారానికి పునాది మాత్రం మూడో మాట మీద ఉంది. మనం అవును అనలేదు, కాదు అనలేదు. మరచిపోయాం. ఆ మరపునే వాళ్లు అవును కింద రాసుకుంటున్నారు. మనిషి గుర్తుపెట్టుకుంటే నష్టం, మరచిపోతే లాభం వచ్చేలా కట్టిన వ్యాపారం నీతిగల త్రాసు కాదని నా అభిప్రాయం.

ఇది స్మార్ట్‌ఫోన్‌తో పుట్టిన రోగం కూడా కాదు. చిన్న ఫోన్ల కాలంలో అడగని కాలర్ ట్యూన్ వచ్చి బ్యాలెన్స్ తెగిన రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. అప్పుడు 2013 జూలైలో ట్రాయ్ సంస్థ, అలాంటి సేవ మొదలుపెట్టే ముందు వినియోగదారుని దగ్గర రెండోసారి కూడా ఒప్పుకోలు తీసుకోవాలని ఆదేశించింది. ఇప్పుడు యాప్‌ల వంతు వచ్చింది.

పెద్ద దేశాల్లో, పెద్ద కంపెనీల దగ్గర కూడా ఇదే తగాదా. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద కేసు వేసింది. జనాన్ని సరైన సమ్మతి లేకుండా ప్రైమ్ సభ్యత్వంలో చేర్చారని, బయటపడే దారి కావాలనే కష్టం చేశారని ఆరోపణ. ఆ రద్దు దారికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు "ఇలియడ్" అని కమిషన్ చెప్పింది. అది గ్రీకుల సుదీర్ఘ యుద్ధ కావ్యం పేరు. మన భాషలో చెప్పాలంటే, సభ్యత్వం వదిలించుకోవడం ఒక మహాభారతం. 2025 సెప్టెంబరులో ఆ కంపెనీ, తప్పు ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికే.

మన దేశంలో కూడా చట్టం నోరు విప్పింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ఒకటి చందా ఉచ్చు. రద్దు చేసే మీటను దాచడం, రద్దును చిక్కుముడిగా మార్చడం దాని కిందికి వస్తాయి. ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలు లేదా ఆటోమేటిక్ కోతకు అనుమతి ఇవ్వమని బలవంతపెట్టడం కూడా అందులోనే ఉంది. అంటే ఊరికే ఇస్తానన్నవాడు నీ జేబు తాళం ఎందుకు అడుగుతున్నాడని ప్రభుత్వమే ప్రశ్నిస్తున్నది.

తప్పు ఎవరిది?

"చదవకుండా నొక్కితే ఎవరేం చేస్తారు? వాళ్ల తెలివి తక్కువ" అని మనలో కొందరు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14:28లో ప్రభువే చెప్పాడు. కానీ లెక్క చూసుకోవాలంటే ధర కంటికి కనబడాలి గదా! "ఉచితం" అన్న మాట అరచేయంత, "తరువాత నెలకు 399" అన్న మాట ఆవగింజంత, అదీ ఇంగ్లీషులో. లేవీయకాండము 19:14లో దేవుడు గుడ్డివాని దారిలో అడ్డంకి వేయకూడదని ఆజ్ఞాపించాడు. చూసుకొని నడవలేదేమని గుడ్డివాణ్ణి గద్దించలేదు. చదువు రాని తల్లి ముందు చిన్న అక్షరాల ఇంగ్లీషు పెట్టడం ఆ అడ్డంకే అని నేను నమ్ముతున్నాను.

ఎలీషా ఏం చేశాడో కూడా చూడండి. ఎందుకు నమ్మావు, ఎందుకు ఇచ్చావు అని నయమానును ఒక్క మాట అనలేదు. గేహజీని నిలబెట్టి ఎక్కడి నుండి వస్తున్నావని అడిగాడు. కాబట్టి మీ ఇంట్లో అమ్మ ఖాతాలో నుండి ఇలా పైసలు పోతే ఆమెను తిట్టకండి. తిట్టిన ఇంట్లో రెండోసారి పోయినప్పుడు ఎవరూ నోరు తెరచి చెప్పరు. చెప్పనంత కాలం కోత ఆగదు.

ఇంకా పెద్ద నష్టం

గేహజీ వల్ల నయమానుకు పోయింది రెండు మణుగుల వెండి. అది అతనికి లెక్క కాదు. పెద్ద నష్టం వేరే ఉంది. ఇశ్రాయేలు దేవుని కృప ఊరికే దొరుకుతుందని ఒక అన్యుడు అప్పుడే నేర్చుకున్నాడు. గేహజీ వచ్చిన తర్వాత అతనికి ఏమనిపించి ఉంటుంది? "ఓహో, వీళ్లు కూడా చివరికి తీసుకుంటారన్నమాట" అని అనుకొని ఉండవచ్చు. కృప మీద మచ్చ వేసినందుకే గేహజీకి అంత కఠినమైన శిక్ష పడిందని నాకు అనిపిస్తుంది.

ఈ రోజు ఊళ్లోకి పోయి రక్షణ ఉచితం అని చెబితే వినేవాళ్లు మొహం చూస్తారు. ఉచితం అని మొదలుపెట్టి వెనుక నుండి కోసుకున్నవాళ్లను అంతమందిని చూశారు గదా. "సరే అయ్యగారూ, తర్వాత ఎంత కట్టాలి?" అన్న ప్రశ్న వాళ్ల కళ్లలోనే ఉంటుంది. ఉచితం అన్న మాటను పాడుచేసినవాళ్లు సువార్త మాటనే బరువెక్కించారు.

నిజమైన ఉచితం అంటే వెల లేనిది అని కాదు. ఎవరో దాన్ని బహిరంగంగా, పూర్తిగా తమ మీద వేసుకున్నారని. మన పక్కనే డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో దాన్ని మొదలుపెట్టారు. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చాడు. ఊరు వెలివేసిన రోగి దగ్గర ఏముంటుంది ఇవ్వడానికి? అతని మంచం వెనుక ఒక దాత పైసలు, ఒక డాక్టరమ్మ ఆయుష్షు ఉన్నాయి. దాచిన వెల లేదు. కల్వరి కూడా అలాంటిదే. 1 కొరింథీయులకు 6:20 ప్రకారం మనం వెల పెట్టి కొనబడినవాళ్లం. ఆ వెల కొండ మీద, అందరి కళ్ల ముందు, మనం అడగకముందే చెల్లించబడింది. నెల తర్వాత వచ్చే బిల్లు అక్కడ లేదు.

అందుకే ఒక మాట మన ఇంటివైపు తిప్పి చెప్పాలి. గేహజీ బజారులో పుట్టలేదు, ప్రవక్త ఇంట్లోనే ఉన్నాడు. ఉచిత ప్రార్థన అని ఫోన్ నంబర్లు తీసుకొని, తర్వాత విత్తనం వేయండి, నూనె సీసా కొనండి, ఇంత కడితే ఆశీర్వాదం అని ఫోన్లు చేసేవాళ్లకు, ఆ యాప్‌లకు తేడా ఏమిటి? కానుక మనస్ఫూర్తిగా ఇచ్చేది. ప్రార్థనకు వెల కట్టి అడిగితే అది ఎవరు అడిగినా ఇవ్వకండి, నేను అడిగినా సరే.

మనం చేయవలసినవి

ఆటోపే పాపం కాదు. బీమా కిస్తీ, కరెంటు బిల్లు మరచిపోకుండా కట్టడానికి అది మంచి సాధనమే. తెలియకుండా ఉన్నదాన్నే వెతకాలి.

1. మీ యూపీఐ యాప్ తెరిచి ప్రొఫైల్‌లోకి పోయి "ఆటోపే" అన్న చోట చూడండి. మీకు తెలియని పేరు ఉంటే అక్కడే రద్దు చేయవచ్చు. ప్లే స్టోర్‌లో "సబ్‌స్క్రిప్షన్స్" అన్న చోట కూడా చూడండి. కార్డు మీద పెట్టినదైతే బ్యాంకు యాప్‌లో గానీ బ్రాంచిలో గానీ రద్దు చేయించండి.

2. రూపాయికైనా పిన్ కొట్టే ముందు తెర మీద ఆటోపే, మ్యాండేట్ అన్న మాటలు ఉన్నాయా, గరిష్ఠ మొత్తం ఎంత, ఏ సంవత్సరం వరకు అని చదవండి. చదవరాకపోతే చదివించుకోండి. తొందరేమీ లేదు.

3. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఇష్టం లేకపోతే ఆపే హక్కు మీకుంది. మెసేజ్‌లను చూడకుండా తుడిచేయకండి.

4. పైసలు పోతే కంపెనీకి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పూర్తిగా దొంగతనం అనిపిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి.

5. యౌవనస్థులారా, ఇది మీ పరిచర్య. ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు కూర్చొని మన పెద్దమ్మల, తాతయ్యల ఫోన్లలో ఆటోపే చూసి పెట్టండి. పిన్ మాత్రం వాళ్లనే కొట్టనివ్వండి, మీరు అడగకండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ కృపను వెల లేకుండా మాకిచ్చినందుకు స్తోత్రం. కష్టజీవుల చెమటను దాచిన మాటలతో దోచుకునేవారి మనస్సు మార్చుము. మా మాట అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండునట్లు, గేహజీ ఆశ మా ఇళ్లలో, మా సంఘములో చొరబడకుండునట్లు కాపాడుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు మిమ్మును, మీ చేతుల కష్టార్జితమును దీవించును గాక.