అడవి లెక్కకూ తక్‌పట్టీ కావాలి

కలప వ్యాపారంలో నేడు రెండు రకాల సరుకు చేతులు మారుతున్నది. ఒకటి నరికి, లారీకెత్తి, కాటా మీద తూచిన దుంగలు. రెండవది ఇంకా నేల మీద నిలబడి ఉన్న చెట్టు. రాబోయే ఇరవై, ముప్పయి ఏళ్లలో అది ఎంత కలప ఇస్తుంది, ఎంత కార్బన్ నిల్వ చేస్తుంది అన్న అంచనా మీదనే ఈ రెండవ సరుకు బేరం కుదురుతుంది. దుంగల తూకంలో తేడా వస్తే వర్తకుడు అక్కడికక్కడే నిలదీస్తాడు. నిలబడి ఉన్న చెట్టుకు కాటా మాత్రం కంప్యూటరులో ఉన్నది. ఆ కాటాను తయారుచేసినవారు తరచుగా సవరిస్తూ ఉంటారు. సవరించిన సంగతి అమ్మినవారికీ, కొన్నవారికీ, మధ్య నిలిచిన దళారికీ తెలియకుండానే బేరాలు సాగిపోతున్నాయి. ఈ పద్ధతి మారాలి.

ఈ కాటాలలో పేరెన్నికగన్నది అమెరికా అటవీశాఖ వారి ఫారెస్ట్ వెజిటేషన్ సిమ్యులేటర్. పొడి అక్షరాలతో ఎఫ్.వి.ఎస్. అంటారు. ఆల్బర్ట్ స్టేజ్ అనే అటవీ శాస్త్రజ్ఞుడు ఉత్తర ఐడహో అడవుల కోసం రూపొందించి 1973లో ప్రచురించిన ‘ప్రోగ్నోసిస్’ నమూనాయే దీనికి మూలం. ఆ తరువాత ఇది దేశమంతటికీ విస్తరించి, ప్రాంతాన్ని బట్టి ఇరవైకి పైగా రూపాలు సంతరించుకున్నది. దక్షిణాది పైన్ తోటలకు ఒక రూపం, పసిఫిక్ తీరపు అడవులకు మరొకటి, ఈశాన్య రాష్ట్రాలకు ఇంకొకటి. కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లో ఉన్న అటవీశాఖ కేంద్రం దీని నిర్వహణ చూస్తూ వచ్చింది. ప్రోగ్రాము ఉచితం. దాని లోపలి రాత కూడా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

లెక్క ఎలా నడుస్తుంది?

అడవిలో అక్కడక్కడ చిన్న చిన్న ముక్కలు ఎంచుకుని, వాటిలోని చెట్లను కొలుస్తారు. చెట్టు జాతి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కాండం వ్యాసం, చెట్టు పొడవు, కొమ్మల గుబురు ఎంతవరకు దిగివచ్చింది అన్న వివరాలను కంప్యూటరుకు ఇస్తారు. నేల వాలు, వాలు ఏ దిక్కుకు ఉన్నది, సముద్రమట్టం నుంచి ఎత్తు వంటి వివరాలు వాటికి తోడవుతాయి. ఐదేళ్లకో, పదేళ్లకో ఒక విడతగా ప్రోగ్రాము ముందుకు నడుస్తుంది. ప్రతి విడతలోనూ ఒక్కొక్క చెట్టు ఎంత లావెక్కుతుంది, ఎంత పొడుగెదుగుతుంది, ఎన్ని చెట్లు చచ్చిపోతాయి అని లెక్కకడుతుంది. చివరకు ఎకరాకు ఇంత కలప అని అంకె ఇస్తుంది.

ఈ మెట్లలో ఏ ఒక్కటి మార్చినా చివరి అంకె మారుతుంది. ఒక్క ఉదాహరణ చాలు. చెట్లు ఒత్తుగా పెరిగితే నీటి కోసం, వెలుతురు కోసం పోటీ పెరిగి కొన్ని చచ్చిపోతాయి. ఒక నేల పది అంగుళాల వ్యాసం గల చెట్లను ఎకరాకు గరిష్ఠంగా ఎన్నింటిని మోయగలదు అన్న అంకె ఒకటి ప్రోగ్రాములో ఉంటుంది. వినియోగదారుడు వేరే చెప్పకపోతే, అడవి ఒత్తు ఆ గరిష్ఠంలో 55 శాతానికి చేరగానే పోటీ వల్ల చావులు మొదలవుతాయి. 85 శాతం దాటి ఒత్తు పెరగనివ్వదు. ఆ గరిష్ఠపు అంకెను ఒక జాతికి కొద్దిగా పెంచారనుకుందాం. చావులు ఆలస్యమవుతాయి, ఎకరాకు నిలిచే కలప పెరుగుతుంది. తగ్గించారనుకుందాం, అదే అడవి చిక్కిపోతుంది. నేల మీద మాత్రం ఒక్క ఆకు కూడా కదలదు.

ఒక ఊహా లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. ఎకరాకు 100 టన్నుల కలప ఉన్న 10,000 ఎకరాల తోట ఉన్నదనుకుందాం. సులభంగా ఉండేందుకు చక్రవడ్డీ తీరున పెరుగుతుందనుకుందాం. ఏటా 2 శాతం పెరిగితే 25 ఏళ్లకు ఎకరాకు 164 టన్నులు. సవరణ తరువాత అదే 2.2 శాతంగా వచ్చిందంటే 172 టన్నులు. ఎకరాకు ఎనిమిది టన్నులు, తోట మొత్తం మీద 80 వేల టన్నులకు పైగా తేడా. వడ్డీ రేటులో పావలా తేడాకు రాత్రంతా బేరమాడే వర్తకుడు ఈ తేడాను చూడకుండా సంతకం చేయడం విచిత్రమే.

కాగితం మీద పెరిగిన అడవి

ఇది ఊహకే పరిమితమైన సంగతి కాదు. ఎదుగుదల నమూనాలకు పునాది చెట్టు కొలతలను కలపగా, బరువుగా మార్చే సూత్రాలు. అమెరికా జాతీయ అటవీ గణనలో ఈ సూత్రాలు రెండుసార్లు పెద్ద ఎత్తున మారాయి. 2009లో తెచ్చిన పద్ధతి వల్ల చెట్ల బరువు అంచనాలు అంతకు ముందు వాడిన సూత్రాలతో పోలిస్తే తగ్గాయి. 2023లో దేశమంతటికీ ఒకే విధమైన కొత్త సూత్రాలు ప్రవేశపెట్టగా, నేల పైనున్న చెట్ల బరువు అంచనా జాతీయ స్థాయిలో పది శాతానికి మించి పెరిగింది. అన్ని జాతులకూ, అన్ని రాష్ట్రాలకూ ఈ పెరుగుదల ఒకే తీరున లేదు. ఈ రెండు సందర్భాలలోనూ చెట్లు అవే, మారినది లెక్క.

కొత్త సూత్రాలు తప్పుడువని ఎవరూ అనడం లేదు. పాతవాటికంటే ఎక్కువ చెట్లను నరికి, తూచి, కొమ్మలు కూడా విడిగా లెక్కలోకి తీసుకుని తయారుచేసినవి అవి. అయితే 2022లో పాత లెక్కతో అమ్మినవాడు, 2024లో కొత్త లెక్కతో కొన్నవాడు ఒకే సరుకు గురించి మాట్లాడడం లేదన్న సంగతి విస్మరించరాదు.

కార్బన్ మార్కెట్‌లో ఈ సంగతి మరింత బరువు. కాలిఫోర్నియా ప్రభుత్వ కార్బన్ మార్కెట్‌లో అడవుల యజమానులు క్రెడిట్లు పొందవచ్చు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ప్రాజెక్టు లేకపోతే అడవి ఎలా ఉండేదో నూరేళ్ల మేరకు నమూనాతో లెక్కగట్టి చూపాలి. అందుకు అనుమతించిన నమూనాల జాబితాలో ఎఫ్.వి.ఎస్. ఉన్నది. అక్కడి అధికారులు రెండు జాగ్రత్తలు తీసుకున్నారు. చెట్టు బరువును ఏ సూత్రాలతో కట్టాలో ముందే నిర్దేశించారు. కొలతలు 12 ఏళ్లకంటే పాతబడరాదని నియమం పెట్టారు. అంటే నమూనా ఎంత దూరం పరుగెత్తినా, పన్నెండేళ్లలోగా మనిషి టేపు పట్టుకుని అడవిలోకి పోయి తీరాలి.

ప్రభుత్వ నిబంధనలు లేని ప్రైవేటు ఒప్పందాలకు ఇంతటి రక్షణ తనంతట తాను రాదు. తోట లీజులు, అడవి భూముల మీద బ్యాంకు అప్పులు, కాగితపు మిల్లులకు దీర్ఘకాలిక సరఫరా ఒప్పందాలు, స్వచ్ఛంద కార్బన్ బేరాలు ఈ కోవలోవే. ఒప్పందంలో ఏమి రాసుకుంటే అదే రక్షణ.

చికాగో చూపిన దారి

చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజిలో కలప వాయిదా బేరాలు 1969లో మొదలయ్యాయి. చాలాకాలం ఒక కాంట్రాక్టు 1,10,000 బోర్డు అడుగులు. ఇది రైలు వాగన్ సరుకు లెక్క. 2022 ఆగస్టులో 27,500 బోర్డు అడుగుల కొత్త కాంట్రాక్టు వచ్చింది. ఇది లారీ సరుకు లెక్క. ఎక్స్ఛేంజి ముందుగా ప్రకటన చేసింది. పాత కాంట్రాక్టులు పాత షరతుల మీదనే నడిచి, 2023 మే నెల వాయిదాతో ముగిసిపోయాయి. పాతది పట్టుకున్నవాడికి కొత్త కొలత రాత్రికి రాత్రి అంటగట్టలేదు.

మన వర్తకులకు కూడా ఈ నీతి కొత్త కాదు. 1956 తూనికల చట్టం తరువాత వీశెలు, మణుగులు పోయి కిలోలు, క్వింటాళ్లు వచ్చిన రోజులలో, మణుగుకు ఇన్ని కిలోలని పట్టికలు చూసుకుని మరీ ఖాతాలు మార్చుకున్నారు. కొలత మార్పు ఎవరినీ నష్టపరచలేదంటే, మార్పు అందరికీ తెలిసి జరగడమే కారణం. కంప్యూటరు నమూనాలో జరిగే మార్పుకు మాత్రం ఈ మర్యాద ఎందుకు ఉండరాదు?

ఎఫ్.వి.ఎస్. నిర్వాహకులను ఇందులో తప్పుపట్టనక్కరలేదు. ఏ ప్రాంతపు రూపంలో ఏమి మారిందో వారు నోట్సుగా ప్రచురిస్తూనే ఉన్నారు. ఆ నోట్సు చదివేది అటవీ ఇంజనీర్లు. ఒప్పందం రాసేది వకీళ్లు. డబ్బు పెట్టేది వర్తకులు. ఈ ముగ్గురూ ఒకచోట కూర్చోకపోవడమే అసలు లోపం.

అమ్మకందార్లలో కొందరి వాదన వేరు. ఒప్పందం రోజున ఉన్న కూర్పుకే చివరిదాకా కట్టుబడితే గొడవ ఉండదంటారు. వినడానికి బాగానే ఉన్నది. అయితే సవరణలలో చాలా భాగం తప్పులు దిద్దడానికే వస్తాయి. తప్పని తెలిసిన కాటాను ముప్పయి ఏళ్లు వాడుకుందామనడం న్యాయం కాదు. ఎప్పటికప్పుడు కొత్త కూర్పునే వాడాలన్న వాదన కూడా చిక్కులు లేనిది కాదు. రెండు కూర్పులు చేతిలో ఉన్నవాడు తనకు లాభించే అంకెనే బయటపెట్టే ప్రమాదం ఉన్నది. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి వాడే దుకాణాన్ని బజారులో ఎవరూ సహించరు.

మధ్యేమార్గం ఉన్నది. మొదటగా, నమూనా పేరు, ప్రాంతపు రూపం, కూర్పు తేదీ, మార్చిన అంకెలు అన్నీ ఒప్పందంలో రాయాలి. చెట్ల కొలతల అసలు పట్టిక దానికి జతపరచాలి. రెండవది, సవరణ వచ్చినప్పుడు అదే పట్టికను పాత కూర్పులోనూ, కొత్త కూర్పులోనూ నడిపి, రెండు అంకెలూ ఇరుపక్షాలకూ ఇవ్వాలి. మూడవది, కొత్త కొలతలు జరిగే వరకు చెల్లింపులు పాత అంకె మీదనే సాగాలి. ఆ తరువాత అడవిలో కొలిచినదే ప్రమాణం. నాలుగవది, తేడా ఇంత శాతం దాటితే ఎవరు భరించాలో ముందే తేల్చుకోవాలి. లోపలి రాత చూపని ప్రైవేటు నమూనా మీద ధర కోట్ చేసినవారిని ఈ నాలుగు షరతులూ మరింత గట్టిగా అడగాలి.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం రావచ్చు. ఒకే పట్టికను రెండుసార్లు నడపడానికి కంప్యూటరుకు పట్టేది స్వల్ప సమయం. ఒక నిపుణుడి ఒక రోజు జీతం, 80 వేల టన్నుల తగవు ముందు లెక్కలోనిది కాదు.

మన ప్రాంతంలో జామాయిల్, సుబాబుల్, సరుగుడు కాటా మీద టన్నుల లెక్కన అమ్ముడుపోతున్నాయి గనుక ఈ గొడవ మనకు ఎందుకని అడితిదారులు అనుకోవచ్చు. కానీ గాలి ఇటువైపే వీస్తున్నది. అరకు లోయలో గిరిజన రైతుల పొలాలలో నాటిన చెట్ల మీద, కార్బన్ క్రెడిట్ల కోసం యూరపు కంపెనీల నిధి ఇప్పటికే పెట్టుబడి పెట్టింది. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమును నోటిఫై చేసింది. చెట్టులోని కార్బన్‌ను చెట్టు నరకకుండా తూచడం ఎవరివల్లా కాదు. చుట్టుకొలత కొలిచి, సూత్రంలో వేసి లెక్కకట్టవలసిందే. అక్కడ సూత్రం మారితే పెద్ద కంపెనీకి వకీళ్లు ఉన్నారు. రెండెకరాల రైతుకూ, అతని తరఫున బేరం కుదిర్చిన కమీషను ఏజెంటుకూ ఒప్పందంలోని వాక్యమే దిక్కు.

మార్కెట్ యార్డులో తూకం అయిన తరువాత తక్‌పట్టీ చేతికి రానిదే రైతు బండి కదల్చడు. ఏ కాటా, ఎంత తూకం, ఎంత తరుగు అన్నీ దాని మీద ఉంటాయి. నిలబడి ఉన్న అడవిని కొనేవారూ, అమ్మేవారూ అంతకంటే ఎక్కువేమీ అడగనక్కరలేదు. ఇకముందు అటువంటి ఒప్పందం ముందుకు వచ్చినప్పుడు ధర చూసేముందు, ఆ అంకె ఏ నమూనాలో, ఏ తేదీ కూర్పులో పుట్టిందో అడగాలి. జవాబు కాగితం మీద రాకపోతే సంతకం వాయిదా వేసుకోవడమే వర్తకునికి క్షేమం.