పన్ను అందరిదీ, నోటీసు కొందరిదేనా?

పన్ను కట్టించుకొనే ప్రభుత్వానికి భాషతో పని లేదు. రూపాయి తెలుగు ఇంటి నుండి వచ్చినా, ఒడియా ఇంటి నుండి వచ్చినా ఖజానాలో దాని విలువ ఒక్కటే. కాని ఆ రూపాయి ఎందుకు అడుగుతున్నారో, నిరుటి కంటె ఈ ఏడు ఎందుకు ఎక్కువ అడుగుతున్నారో చెప్పవలసిన చోట మాత్రం భాష అడ్డుగోడగా నిలుస్తున్నది. అస్కాలోనూ, బరంపురంలోనూ, గంజాం జిల్లాలోని ఇతర పట్టణాలలోనూ నీటికి, మురుగుకు, పారిశుద్ధ్యానికి సంబంధించిన సుంకాలు మారినప్పుడల్లా మన తెలుగు కుటుంబాలు ఎదుర్కొంటున్న ఇబ్బంది ఇదే.

మనవారికి ఒడియా కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం మద్రాసు రాజధాని నుండి విడివడి అందులో చేరింది. నాటి నుండి బజారులోనూ, బస్సులోనూ మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఒడియా ధారాళంగానే మాట్లాడుతున్నారు. అయితే బజారులో మాట్లాడే ఒడియా వేరు, కార్యాలయపు నోటీసులో రాసే ఒడియా వేరు. బేరమాడగలిగిన భాషలోనే అభ్యంతర పత్రం రాయగలమని అనుకోరాదు. నోటీసు అర్థమయ్యేసరికి గడువు తీరిపోతుంది. గడువు తీరిన పిదప మిగిలేది చెల్లింపు, లేదా బకాయి.

ముందుగా ఈ సుంకం దేనికో తెలుసుకొందాము. 1950 నాటి పురపాలక చట్టం ఇంటి మీద హోల్డింగ్ టాక్సుతో పాటు మరుగుదొడ్డి పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను, మురుగు కాలువల పన్ను వేసే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. అస్కా వంటి చిన్న పట్టణాలలో ఇళ్లు ఎక్కువగా సెప్టిక్ ట్యాంకుల మీదనే ఆధారపడతాయి. ట్యాంకును కొన్నేళ్లకొకసారి యంత్రపు బండితో తోడించాలి. ఆ మలినాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చాలి. బండికి నూనె, పంపుకు కరెంటు, మనుషులకు జీతం, కేంద్రానికి నిర్వహణ కావాలి. ఇది చేయకపోతే ఆ మురుగు చేరేది పక్క కాలువకు, అక్కడి నుండి ఋషికుల్యకు. మన పొలాలను తడిపే నది అదే.

కనుక సుంకం అనగానే వద్దనడం నా అభిమతం కాదు. చవకగా జరిగిపోతుందని మనిషిని ట్యాంకులోకి దింపిన ఇళ్లు ఈ దేశంలో ఎన్నో ఉన్నాయి, ఆ ట్యాంకులలో ప్రాణాలు పోయిన కూలీలు ఎందరో ఉన్నారు. 2013 నాటి చట్టం ఈ పనిని నిషేధించింది. ఇలా మరణించిన వారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుండి 30 లక్షల రూపాయలకు పెంచింది. యంత్రంతో పని చేయించడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చును మనమందరం భరించడమే న్యాయం.

మరి సుంకాలు పదే పదే ఎందుకు పెరుగుతున్నాయి? ఖర్చులు పెరగడం ఒక కారణం. రెండవ కారణం ఢిల్లీలో ఉన్నది. 2020లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు అదనపు అప్పుకు అనుమతి ఇస్తూ అందులో కొంత భాగాన్ని పట్టణ సంస్కరణలతో ముడిపెట్టింది. ఇంటి పన్నుకు, నీరు, మురుగు సేవల రుసుములకు కనీస రేట్లు ప్రకటించాలి, వాటిని కాలానుగుణంగా పెంచే పద్ధతి ఏర్పరచాలి అన్నది ఆ షరతు. లెక్క కట్టే తీరులోనూ ఒక మెలిక ఉంటుంది. హైదరాబాదులో మురుగు సెస్సును నీటి చార్జీలో 35 శాతంగా వసూలు చేస్తూ వచ్చారు. అటువంటి పద్ధతిలో నీటి రేటు పెరిగితే చాలు, మురుగు రేటు ఎవరూ ప్రకటించకుండానే పెరుగుతుంది. బిల్లును పంక్తి పంక్తిగా చదవగలిగినవాడికే ఇది కనబడుతుంది.

న్యాయశాస్త్రం పన్నుకూ రుసుముకూ భేదం చెబుతుంది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని వివరించింది. పన్ను సాధారణ ప్రజావసరాలకు, రుసుము ప్రత్యేకంగా చేసిన సేవకు. కనుక రుసుము పేరిట డబ్బు అడిగినప్పుడు ‘నాకు చేసిన సేవ ఏది?’ అని అడిగే హక్కు మనకున్నది. బండి రాని వీధిలో బండి రుసుము ఎందుకని అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన చెత్త సేకరణ రుసుమును జనం ‘చెత్త పన్ను’ అని పిలిచి నిలదీశారు. 2024లో కొత్త ప్రభుత్వం దాని రద్దును ప్రకటించింది. ఆ రుసుము మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. తమ భాషలో అర్థమైనది గనుకనే వారు దానికి తమ భాషలో పేరు పెట్టగలిగారు, ప్రశ్నించగలిగారు.

భాష విషయంలో మనకున్న ఆధారాలేమిటి? 1956 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ భాషా అల్పసంఖ్యాకుల రక్షణలపై ఒక పత్రం వెలువరించింది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఆ విషయాలను మరల చర్చించింది. ఒక ప్రాంతంలో 15 నుండి 20 శాతం ప్రజలు ఒక అల్పసంఖ్యాక భాషవారైతే ముఖ్యమైన నోటీసులను, నిబంధనలను ఆ భాషలో కూడా ప్రచురించాలన్నది అందులోని సారం. ఈ లెక్కను జిల్లాకే పరిమితం చేయలేదు, పురపాలక సంఘం వంటి చిన్న ప్రాంతాన్ని కూడా ప్రమాణంగా తీసుకోవచ్చునన్నారు. ‘జిల్లాలో మీరు తక్కువ’ అనే జవాబుకు ‘మా పట్టణం లెక్క చూడండి’ అన్నదే మన సమాధానం. ఇది చట్టం కాదు, ప్రభుత్వాలు ఇచ్చిన మాట. మాటను గుర్తుచేసేవారు లేకపోతే అది కాగితంలోనే ఉండిపోతుంది.

రాజ్యాంగపు 350వ అధికరణం మరింత గట్టిది. కష్టం చెప్పుకొనే విన్నపాన్ని దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. తెలుగు విన్నపాన్ని భాష పేరు చెప్పి త్రిప్పి పంపరాదు. సమాధానం తెలుగులోనే వస్తుందని మాత్రం ఆ అధికరణం హామీ ఇవ్వదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. రాయలేనివారు నోటితో చెబితే దానిని రాతలో పెట్టడానికి సమాచార అధికారి సాయపడాలని అదే చట్టం చెబుతున్నది.

కనుక నా సూచన ఇది. సుంకం మార్పు నోటీసు రాగానే వీధిలో ఒడియా చదవగలిగిన యువకులు, యువతులు దానిని తెలుగులో చదివి వినిపించాలి. పాత రేటు ఎంత, కొత్త రేటు ఎంత, ఏ తేదీ నుండి, అభ్యంతరానికి గడువు ఎప్పటి వరకు అన్న నాలుగు సంగతులు విడిగా రాసుకోవాలి. విన్నపం తెలుగులో రాసి, ఒడియా ప్రతి జతపరచి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ఈసారి నుండి నోటీసు తెలుగులో కూడా ఇవ్వండని అందులోనే ఒక వాక్యం చేర్చాలి. స్పందన రాకపోతే 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు నకలు పంపాలి.

ఇందులో ఒడియా సోదరులతో తగవేమీ లేదు. వారి బిల్లులోనూ అవే అంకెలు, వారి వీధిలోనూ అదే మురుగు. బండి రాని వీధి గురించి రెండు భాషలలో రెండు విన్నపాలు ఒకే బల్ల మీదికి చేరితే అధికారికి తప్పించుకొనే దారి తగ్గుతుంది. పన్ను కట్టడంలో మనం వెనుకబడలేదు. ఆ పన్ను గురించి చదివి తెలుసుకోవడంలోనూ వెనుకబడనవసరం లేదు.