ఆరు మూలల పువ్వు



మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో బొంత తెలియని ఇల్లు ఉండదు. పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరచి, పొడవునా దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత. పురిటిబిడ్డ క్రిందకు, పుష్యమాసపు చలిలో ముసలివారి మీదకు అదే. ఇప్పుడు సంతలో మిల్లు దుప్పటి చవకగా దొరుకుతున్నది గనుక కోడళ్లు ఆ కుట్టు నేర్వడం లేదు. అత్తల చేతులకు ఇంకా వచ్చు. ఆ చేతులకే ఈ నెల ఒక పని చెప్పదలచాము.

టైలరు కొట్టులో జాకెట్లు కత్తిరించగా మిగిలిన పీలికలు అడిగి తెచ్చుకోండి. నూలువే ఏరండి, పాలియెస్టరుకు మడత నిలవదు. ముందుగా ఉతికి ఆరబెట్టకపోతే ఎర్రముక్క రంగు ప్రక్కదానికి అంటుతుంది. పిల్లల జామెట్రీ పెట్టెలోని కంపాసుతో పాత శుభలేఖ మీద అంగుళం కొలతతో సున్న గీసి, కంపాసు కదల్చకుండా ఆ గీత మీద ఆరు గుర్తులు పెట్టి కలిపితే ఆరు మూలల అచ్చు వస్తుంది. గుడ్డను చుట్టూ పావు అంగుళం ఎక్కువగా కత్తిరించి, అచ్చు మీదికి మడిచి కచ్చాకుట్టు వేయాలి. తరువాత రెండు ముక్కల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, కాగితం గుచ్చుకోకుండా అంచులను మాత్రమే సన్నగా కుట్టాలి. నడుమ ఒకటి, చుట్టూ ఆరు. పువ్వయింది! మూడు ముక్కలు కలిసిన మూలలో తేనెపట్టులోవలె సందు మిగలదు. ముక్కకు ఆరువైపులా కుట్టు పడిన తరువాతనే కాగితం తీయండి, మరల పనికివస్తుంది. ఇంగ్లండులో 1718 అని సంవత్సరము కుట్టియున్న పట్టు దుప్పటి నేటికీ భద్రముగా ఉన్నది. అందులో పువ్వులు వేరు గాని, ఇలాగే కాగితాల మీద కుట్టినదే.

ఇక అసలు సంగతి. మన విధవరాండ్రచేత ఇటువంటి బొంతలు కుట్టించి, కోతపండుగ వేలములో పెట్టి, ఆ సొమ్ము మందిర నిర్మాణమునకు వేయకూడదా అని కొందరు పెద్దలు అడుగుచున్నారు. లెక్క చూద్దాము. మూడడుగుల చదరపు పసిబిడ్డ బొంతకు సుమారు 500 ముక్కలు, అనగా 71 పువ్వులు కావాలి. దినమునకు 10 ముక్కలు కుట్టి కలిపినా 50 దినములు. అదీ పైపొర మాత్రమే. అడుగున చీర పరచి కుట్టడం వేరు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము తెరచి చూడండి. యొప్పేలో దోర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపించారు. ఆమె వారికి కుట్టి ఇచ్చినది గాని, వారిచేత కుట్టించుకొన్నట్టు అక్కడ లేదు.

వేలము వద్దని మేము చెప్పము. పలికిన సొమ్ములో మొదట కూలి ఆమె చేతిలో పెట్టి, మిగిలినది మందిరపు పెట్టెలో వేయండి. ఆమె తనంతట తానే కానుకగా ఇస్తే సంతోషమే. పదిమందిలో నిలబెట్టి అడిగితే మాత్రం పాపము కాదనలేక తల ఊపుతుంది. కాబట్టి కూలి ఎంతో పని మొదలుపెట్టకముందే ఆమె ఎదుట మాట్లాడి, కమిటీ పుస్తకములో వ్రాయించండి.